యెరికో గోడ ఎప్పుడు కూలింది?

1868లో బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా ఉన్న చార్లెస్ వారెన్ యొర్దాను లోయలోని ఒక మట్టిదిబ్బ మీద కూలీలను పెట్టి నిలువు గుంతలు తవ్వించాడు. ఎండకు బూడిదరంగు తిరిగిన గుట్ట అది. గుంతల్లో మట్టి, పచ్చి ఇటుకల ముక్కలు, కుండపెంకులు తప్ప మరేమీ దొరకలేదు. ఇక్కడ పెద్దగా ఏమీ లేదన్న నిర్ణయానికి వచ్చి ఆయన వెళ్ళిపోయాడు. ఆ గుంతల్లో ఒకటి కంచుయుగపు కోటగోడను చీల్చుకుంటూ దిగిందని, ఎండిన ఇటుకకూ మట్టికీ తేడా తెలియక ఎవరూ గమనించలేదని 80 ఏళ్ళకు పైగా గడిచాక తేలింది. ఇంకో గుంత ప్రపంచంలోని అతి పాత రాతి బురుజుల్లో ఒకదానికి ఒక్క మీటరు పక్కనుంచి పోయింది.

ఆ దిబ్బ పేరు తెల్ అస్-సుల్తాన్. హీబ్రూ లేఖనాల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ పడగొట్టించిన యెరికో పట్టణం ఇదే. మృత సముద్రానికి ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉంది. ప్రపంచంలో ఇంత లోతట్టున ఉన్న పట్టణం మరొకటి లేదు. చుట్టూ బంజరు కొండలు, వానలు అంతంతమాత్రం. అయినా దిబ్బ పాదం దగ్గర ఒక నీటి ఊట ఏడాది పొడవునా పారుతూనే ఉంటుంది. ఎలీషా ప్రవక్త పేరు మీద క్రైస్తవులు, సుల్తాన్ పేరు మీద అరబ్బులు పిలుచుకునే ఆ ఊటే యెరికో పుట్టుకకు కారణం. జనం ఎన్నిసార్లు వెళ్ళిపోయినా తిరిగి ఇక్కడికే వచ్చారు. పాత ఇళ్ళు కూలితే వాటి మట్టి మీదే కొత్త ఇళ్ళు కట్టారు. అలా పేరుకుని పేరుకుని దిబ్బ సుమారు 20 మీటర్ల ఎత్తుకు లేచింది.

యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయంలోని కథ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. ఇశ్రాయేలీయులు ఆరు రోజులు రోజుకొకసారి పట్టణం చుట్టూ తిరుగుతారు. ఏడో రోజు ఏడుసార్లు తిరుగుతారు. యాజకులు పొట్టేలి కొమ్ము బూరలు ఊదుతారు, జనం కేకలు వేస్తారు, గోడ కూలుతుంది. వేగులవారిని దాచిన రాహాబు కుటుంబం మాత్రం బతుకుతుంది. తర్వాత పట్టణాన్ని తగలబెడతారు. ఇది నిజంగా జరిగి ఉంటే ఎప్పుడు జరిగి ఉండాలి? రాజుల మొదటి గ్రంథంలో ఒక లెక్క ఉంది: సొలొమోను ఏలుబడి నాలుగో ఏడు ఐగుప్తునుంచి బయటికి వచ్చిన 480వ సంవత్సరం. సొలొమోను కాలం నుంచి వెనక్కి లెక్కించి, అరణ్యంలో తిరిగిన 40 ఏళ్ళు తీసేస్తే యెరికో పతనం క్రీ.పూ. 1400 ప్రాంతానికి వస్తుంది. ఇంకొందరు పండితులు ఆ 480ని తరాల లెక్కగా భావించి క్రీ.పూ. 13వ శతాబ్దం అంటారు. ఇశ్రాయేలు అనే పేరు ఉన్న అతి పాత ఈజిప్టు శాసనం, మెర్నెప్తా రాజు వేయించినది, క్రీ.పూ. 1208 ప్రాంతానిది. అంటే దిబ్బలో వెతకాల్సిన కాలం ఆ రెండు వందల ఏళ్ళ మధ్యే ఉండాలి.

అక్కడ తవ్విన తొలి జర్మన్ బృందం, ఎర్న్‌స్ట్ సెల్లిన్, కార్ల్ వాట్‌సింగర్‌లది, 1907 నుంచి 1911 దాకా పనిచేసి చాలా గోడలు బయటపెట్టింది. వాటి వయసు తేల్చడానికి అప్పటికి సరైన పరికరం లేదు. పాలస్తీనా కుండల కాలక్రమం అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటోంది.

1930లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ గార్‌స్టాంగ్ వచ్చాడు. ఆయన వెనక డబ్బు పెట్టినవారిలో చార్లెస్ మార్స్టన్ అనే పారిశ్రామికవేత్త ఒకడు. బైబిల్లో ఉన్నది చరిత్రేనని రుజువు కావాలని మార్స్టన్ గట్టిగా కోరుకున్నాడు. దిబ్బ అంచున ఒకదాని పక్కన ఒకటి నడిచిన రెండు గోడలు గార్‌స్టాంగ్‌కు కనిపించాయి. అవి కూలి ఉన్నాయి, వాటి దగ్గర మంటల ఆనవాళ్ళు ఉన్నాయి. పక్కనున్న శ్మశానంలో దొరికిన ఈజిప్టు పేడపురుగు ముద్రల్లో రాజుల పేర్లు మూడో అమెన్‌హోటెప్ వరకు వచ్చి ఆగిపోయాయి. యెహోషువ కూల్చిన గోడ ఇదేనని, కాలం క్రీ.పూ. 1400 ప్రాంతమని గార్‌స్టాంగ్ ప్రకటించాడు. లేఖనం, పార ఒకే మాట చెబుతున్నాయని ఇంగ్లండ్ పత్రికలు సంబరపడ్డాయి.

అయితే గార్‌స్టాంగ్ నిజాయితీపరుడు. తన లెక్కల్లో అతుకులు ఉన్నాయని తెలిసి, వాటిని మళ్ళీ పరిశీలించమని తనకంటే వయసులో చాలా చిన్నదైన ఒక పురావస్తు శాస్త్రవేత్తను ఆయనే అడిగాడు. ఆమె కాథ్లీన్ కెన్యన్. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టరుగా పనిచేసిన బైబిల్ పండితుడు ఫ్రెడరిక్ కెన్యన్ కూతురు. తండ్రి జీవితమంతా బైబిల్ ప్రతుల మీద గడిపాడు. కూతురు ఆ గ్రంథం చెప్పిన నేలను తవ్వడానికి బయలుదేరింది.

కెన్యన్ పని నేర్చుకున్నది 1930ల్లో ఇంగ్లండ్‌లోని వెరులామియం తవ్వకాల్లో, మార్టిమర్ వీలర్ దగ్గర. వీలర్ పేరు మన పురావస్తు శాఖకు చిరపరిచితం. 1944 నుంచి 1948 దాకా ఆయన దాని డైరెక్టర్ జనరల్. పుదుచ్చేరి దగ్గర అరికమేడునూ, రాయదుర్గం వైపు ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న బ్రహ్మగిరినీ తవ్వించింది ఆయనే. బ్రహ్మగిరిలో అడుగున రాతిగొడ్డళ్ళ వాళ్ళు, వాళ్ళపైన రాక్షసగుళ్ళు కట్టినవాళ్ళు, వాళ్ళపైన ఆయన ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టిన సాతవాహన కాలపువాళ్ళు, ఇలా దక్కను చరిత్రను మూడు పొరలుగా విడదీసిన పద్ధతే యెరికోకు చేరింది.

ఆ పద్ధతిలో ముఖ్యమైనది తవ్విన గుంత కన్నా గుంత పక్కన నిలబడ్డ మట్టిగోడ. బావి తవ్వేటప్పుడు ఒడ్డున ఎర్రమట్టి, సుద్ద, ఇసుక వరసలుగా కనిపించినట్టే, దిబ్బను నిట్టనిలువుగా కోస్తే మనుషుల కాలాలు గీతలుగా కనిపిస్తాయి. ఇక్కడ బూడిద, ఇక్కడ నేల, ఇక్కడ వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు, ఇక్కడ ఎవరో పునాది కోసం తవ్విన కాలవ. గోడను దాని ఎత్తును బట్టి, రూపును బట్టి కాక అది ఏ పొర మీద కూర్చుందో, ఏ పొర దాన్ని కప్పిందో చూసి అంచనా వేయాలి. గార్‌స్టాంగ్ గోడ వెంట గోడ పట్టుకుని తవ్వుతూ పోయాడు, అందువల్ల గోడకూ పక్కనున్న పెంకులకూ ఉన్న సంబంధం తెగిపోయింది. కెన్యన్ 1952 నుంచి 1958 వరకు ఏటా వచ్చి, దిబ్బ పడమటి వాలులో అడుగు రాతి వరకు లోతైన కందకం కోసింది.

ఫలితం గార్‌స్టాంగ్‌కు మింగుడుపడనిది. ఆయన యెహోషువకు ఇచ్చిన జంట గోడలు ఒకే కాలానివి కావు, రెండూ కంచుయుగపు తొలి దశవి. కెన్యన్ ఆ గోడ చరిత్రలో 17 దశలు లెక్కపెట్టింది. కొన్నిసార్లు భూకంపం, కొన్నిసార్లు వరద, కొన్నిసార్లు శత్రువు. కూలడం, మళ్ళీ కట్టుకోవడం. చివరిసారి అది మండిపోయి కూలింది క్రీ.పూ. 2300 ప్రాంతంలో. అంటే అందరూ యెహోషువ గోడ అనుకున్నది ఆయనకు తొమ్మిది వందల ఏళ్ళ ముందే మట్టిలో కలిసిపోయింది.

ఆ తర్వాత యెరికోలో ఇంకో గొప్ప పట్టణం లేచింది. దాని చుట్టూ ఏటవాలు మట్టికట్ట, దాని మీద సున్నం పూత, అడుగున రాతి ఆనుగోడ, పైన కోటగోడ. ఊట వైపు వాలులో ఇళ్ళు, దుకాణాలు, ధాన్యం నింపిన పెద్ద కాగులు. ఈ పట్టణం కూడా మంటల్లో ముగిసింది. కాలిన ఇటుక, బొగ్గు, బూడిద మందంగా పరుచుకుని ఉన్నాయి. కాగుల్లో గింజలు మాడి నల్లబడి అలాగే నిలిచాయి. ఈ విధ్వంసాన్ని కెన్యన్ క్రీ.పూ. 1550 ప్రాంతానికి పెట్టింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ లేరు. ఇళ్ళ మీద వానకు జారిన బూడిదమట్టి పొర పొరగా పేరుకుంది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో కొద్దిపాటి నివాసం, ఒక చిన్న కట్టడం, కొన్ని సమాధుల్లో పెంకులు. కోటగోడ మాత్రం లేదు. పొట్టేలి కొమ్ముల బూరలకు కూలడానికి 1400లో గానీ 1200లో గానీ యెరికోలో పట్టణమే లేదని ఆమె తేల్చి చెప్పింది.

ఆ పట్టణ సమాధుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోవడం కష్టం. రాతిలో తొలిచిన ఆ గదుల్లో చెక్క బల్లలు, పీటలు, బుట్టలు, చాపలు, దువ్వెనలు, మాంసం ముక్కలు 3500 ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. భూమి లోపలి వాయువులు రాతి పగుళ్ళ గుండా గదుల్లోకి చేరి, కుళ్ళబెట్టే జీవుల్ని చంపేశాయని ఒక వివరణ. కొన్ని సమాధుల్లో ఇంటిల్లిపాదినీ ఒకేసారి పడుకోబెట్టారు. పట్టణం కాలిపోవడానికి కొద్దికాలం ముందు ఏదో అంటురోగం వచ్చిందేమోనని కెన్యన్ అనుమానించింది. కోటలు, రాజుల కన్నా ఆ దువ్వెనలు యెరికోవాసులను మనకు దగ్గర చేస్తాయి.

1990లో అమెరికన్ పరిశోధకుడు బ్రయంట్ వుడ్ కెన్యన్ తీర్పును సవాలు చేశాడు. సైప్రస్‌నుంచి దిగుమతయ్యే ఒక రకం కుండలు దొరకలేదన్న కారణంతో 1550 తర్వాత పట్టణం లేదనడం సరికాదని ఆయన వాదన. దిబ్బలో ఆమె తవ్వినది చిన్న చిన్న భాగాలు, అదీ ఖరీదైన దిగుమతి సామాను కొనలేని పేదల వాడ. స్థానిక కుండల రూపాలు చూస్తే పతనం 1400 ప్రాంతమే అని ఆయన అన్నాడు. ధాన్యం కూడా ఆయనకు అనుకూలంగా కనిపించింది. కాగులు నిండుగా ఉన్నాయంటే పంట చేతికొచ్చిన వెంటనే పట్టణం పడింది, ముట్టడి ఎక్కువ రోజులు సాగలేదు, గెలిచినవాళ్ళు గింజలు దోచుకోలేదు. ఈ మూడూ లేఖనంలో ఉన్నవే. వీటికి తోడు బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాల ఒక బొగ్గు ముక్కకు క్రీ.పూ. 1410, అటూఇటూ 40 ఏళ్ళు అని కాలం ఇచ్చింది.

వాదన ఎటు తిరుగుతుందో తేల్చింది రేడియోకార్బన్. గాలిలో కార్బన్-14 అనే అస్థిర పరమాణువులు స్వల్పంగా ఉంటాయి. మొక్క బతికి ఉన్నంతకాలం గాలినుంచి వాటిని పీల్చుకుంటుంది. చచ్చాక కొత్తవి చేరవు, ఉన్నవి 5730 ఏళ్ళకు సగం చొప్పున తగ్గిపోతాయి. ఎంత మిగిలిందో కొలిస్తే చనిపోయి ఎంతకాలమైందో తెలుస్తుంది. ఈ పద్ధతి కనిపెట్టిన విల్లర్డ్ లిబ్బీకి 1960లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అయితే గాలిలో ఆ పరమాణువుల పాలు అన్ని శతాబ్దాల్లో ఒకేలా లేదు, అందుకే ప్రయోగశాల ఇచ్చే అంకెను చెట్ల వార్షిక వలయాలతో తయారైన సవరణ పట్టికతో సరిచూసుకోవాలి.

బ్రిటిష్ మ్యూజియం అంకె మొదట కూలింది. 1980 నుంచి 1984 వరకు ఆ ప్రయోగశాల ఇచ్చిన కొలతల్లో క్రమంగా ఒక దోషం దొర్లిందని సిబ్బందే గుర్తించి, పాత ఫలితాలన్నింటినీ సవరించి ప్రకటించారు. యెరికో బొగ్గు ముక్క కొలత అటూఇటూ 110 ఏళ్ళుగా మారింది. అంత వెడల్పున్న అంకె ఏ పక్షానికీ సాక్ష్యం కాలేదు.

తర్వాత హెండ్రిక్ బ్రయిన్స్, యోహానెస్ ఫాన్ డర్ ప్లిఖ్ట్ కెన్యన్ తవ్వకాల్లో సేకరించిన నమూనాలను చాలా సూక్ష్మంగా కొలిచి 1995లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు కాలిన కాగుల్లోని గింజలనూ, దూలాల బొగ్గునూ విడివిడిగా పరీక్షించారు. ఈ విడదీయడంలోనే వాళ్ళ నేర్పు ఉంది. దూలానికి వాడిన చెట్టు ఇల్లు కాలడానికి ఎన్నో ఏళ్ళ ముందు నరికినది కావచ్చు. దాని నడిమి వలయాలు ఇంకా పాతవి. ధాన్యం అలా కాదు, మొలిచి, పండి, కోతకొచ్చి, గాదెకు చేరి, కాలిపోయేదంతా ఒకటి రెండేళ్ళలోనే జరుగుతుంది. అనుకున్నట్టే బొగ్గు కొలత గింజల కొలత కన్నా అరవై ఏళ్ళు పాతదిగా తేలింది. గింజలను సవరణ పట్టికతో సరిచూస్తే పతనం దాదాపు క్రీ.పూ. 1600కూ 1520కూ మధ్యకు వచ్చింది. కుండపెంకులు చూసి కెన్యన్ చెప్పిన 1550 ఆ నడుమే పడింది. 2020లో సవరణ పట్టికనే శాస్త్రవేత్తలు మార్చారు, సరిగ్గా ఈ శతాబ్దాల దగ్గర కొత్త వలయాల కొలతలు చేర్చారు. అంకెలు కొంచెం జరిగాయి గానీ 1400 దాకా రాలేదు.

అయితే ఆ పట్టణాన్ని ఎవరు కాల్చారు? అదే కాలంలో ఈజిప్టు రాజులు ఉత్తరాదినుంచి వచ్చి తమ దేశాన్ని ఏలిన హిక్సోసులను తరిమి, యెరికో ఉన్న కనానులోకి వచ్చారు కాబట్టి వాళ్ళ పనే అని కెన్యన్ భావించింది. సాధారణంగా ముట్టడివాళ్ళు పంటకు ముందే వచ్చి ఊరిని ఆకలితో లొంగదీస్తారు. నిండు కాగులు ఆ వివరణకు అడ్డు తగులుతాయి. వుడ్ ఎత్తిచూపిన ఆ చిక్కు సమంజసమైనదే. కాలం విషయంలో ఆయన వాదం నిలవకపోయినా, గింజల ప్రశ్న మిగిలే ఉంది.

భూకంపం మీద అనుమానం సహజం. యెరికో ఉన్నది రెండు భూఫలకాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగే మృత సముద్ర భ్రంశరేఖ మీదే. 1927 జులై 11న వచ్చిన భూకంపంలో యెరికో ప్రాంతంలోనూ మనుషులు చనిపోయారు. క్రీ.శ. 1267లో ఒడ్డున ఉన్న కొండచరియ విరిగిపడి యొర్దాను నది కొన్ని గంటలు ఆగిపోయిందని అరబ్ చరిత్రకారుడు అల్-నువైరి రాశాడు. యెహోషువ గ్రంథంలో నది ఆదాము అనే ఊరి దగ్గర ఆగిపోయిందని ఉంది. ఈ లోయలో నది ఆగడం, గోడలు కూలడం జనం కళ్ళతో చూసిన సంగతులే. కథ పుట్టడానికి ఆ జ్ఞాపకాలు సాయపడి ఉండవచ్చు. నిర్దిష్టంగా ఈ గోడ ఆ కంపానికి కూలిందని చెప్పాలంటే మాత్రం ఈ గోడకూ ఆ కంపానికీ ఒకే కాలం చూపాలి.

యెహోషువ గ్రంథం ఇప్పటి రూపం క్రీ.పూ. ఏడు, ఆరు శతాబ్దాలకు చెందినదని చాలామంది పండితులు అంచనా వేస్తారు. అప్పటికి యెరికో దిబ్బ వాలుల్లో మొండి గోడలు పొడుచుకొచ్చి ఉండేవి. అష్షూరు, బబులోను సైన్యాలు చుట్టూ ఊళ్ళు కూలుస్తున్న రోజుల్లో తమ జాతి పుట్టుక గురించి రాసుకున్నవాళ్ళకు ఆ మొండి గోడలు ఏం చెప్పి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. విశ్వాసులకు ఆ అధ్యాయం విలువ గోడ కాలం మీద ఆధారపడి లేదు. ఇటుకల వయసు చెప్పే పని మాత్రం బూడిదకే వదిలేయాలి.

కెన్యన్ కందకం ఆ బూడిద దగ్గర ఆగలేదు. ఇంకా లోతుకు పోయింది. కుండ అనే వస్తువే లేని పొరల్లోకి దిగాక, వారెన్ గుంతకు తప్పిపోయిన రాతి బురుజు బయటపడింది. ఎత్తు ఎనిమిది మీటర్లకు పైన, అడుగున వెడల్పు సుమారు తొమ్మిది మీటర్లు, లోపల పైకి వెళ్ళే 22 మెట్లు. కట్టింది క్రీ.పూ. 8000కు కూడా ముందు. అంటే ఈజిప్టు పిరమిడ్ల కన్నా ఐదు వేల ఏళ్ళకు పైగా పాతది. దాని పక్కన రాతి గోడ, రాతిలో తొలిచిన కందకం. కట్టినవాళ్ళకు లోహం తెలియదు, వ్యవసాయం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు. దాన్ని కట్టడానికి సుమారు పదకొండు వేల పనిదినాలు పట్టి ఉంటాయని ఒక లెక్క.

ఎందుకు కట్టారు? కోట అంది కెన్యన్. బురుజు గోడకు లోపలివైపు ఉంది కాబట్టి శత్రువులను ఎదుర్కోవడానికి పనికిరాదని, గోడ కొండలనుంచి వచ్చే వరదనూ ఒండ్రునూ ఆపడానికని ఓఫర్ బార్-యోసెఫ్ 1986లో వాదించాడు. రాన్ బార్కాయ్, రాయ్ లిరాన్ ఇంకో దారి పట్టారు. ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున, సూర్యాస్తమయం వేళ, పడమటి కొండ నీడ ముందుగా ఈ బురుజును తాకుతుందని వాళ్ళు లెక్కకట్టారు. వాదన ఇప్పటికీ నడుస్తోంది. కెన్యన్ తవ్విన పుర్రెలు మాత్రం ఏ వివరణా అడగకుండానే మనల్ని ఆపుతాయి. బురుజు తర్వాతి తరాలవాళ్ళు చనిపోయిన తమవారి పుర్రెల మీద సున్నంతో ముఖం తిరిగి దిద్ది, కళ్ళ చోట గవ్వలు పెట్టి, ఇళ్ళలోనే ఉంచుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒకదాన్ని సీటీ స్కాన్ చేసి 2016లో ముఖం పునర్నిర్మించారు. పసితనంలో అతని తలను గుడ్డతో బిగించి కట్టారని, ఎప్పుడో ముక్కు విరిగి అతుక్కుందని తెలిసింది.

2023 సెప్టెంబరులో యునెస్కో తెల్ అస్-సుల్తాన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ముందుపెట్టిన కారణాలు ఈ తొలి ఊరు, ఆ తర్వాతి కంచుయుగపు పట్టణమే. 1997లో పాలస్తీనా పురావస్తు శాఖతో కలిసి రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. చలికాలపు వానలకు కెన్యన్ కందకాల ఒడ్డులు జారుతున్నాయి, గాలికి తగిలిన పచ్చి ఇటుకలు కరిగిపోతున్నాయి. దిబ్బ తూర్పు అంచును కోసుకుంటూ ఊట పక్కనుంచి తారు రోడ్డు వేశారు. పట్టణానికి నీళ్ళు తెచ్చుకున్న వైపు, అన్ని కాలాల జనం దిగి ఎక్కిన వైపు అది. దానిలో ఎక్కువ భాగం ఇంకా తవ్వలేదు, రోడ్డు ఉన్నంతకాలం తవ్వడం కుదరదు.